కవాతుకు పిల్లల్ని మళ్లీ ఎప్పుడు పిలవొచ్చు?

ఆంధ్రప్రదేశ్‌లో కరోనా రెండో అల తగ్గాక బడులు మళ్లీ తెరిచింది 2021 ఆగస్టు 16న. అంటే జెండా పండుగ మర్నాడు. అంతకుముందు ఏడాది ఆగస్టులోనూ బడులకు తాళాలే. అలా వరసగా రెండు స్వాతంత్ర్య దినోత్సవాలకు బడి పిల్లల కవాతు లేకుండా పోయింది. నూజివీడు పక్కన మామిడి తోటల నడుమ ఉన్న ముసునూరు లాంటి మండల కేంద్రంలో ఇది చిన్న లోటు కాదు. ఎన్‌సీసీ జూనియర్ విభాగంలో శిక్షణ మొత్తం రెండేళ్లే. 2020లో పేరు నమోదైన పిల్లకు ఆ రెండేళ్లలో మైదానం ఎంత దక్కిందో ఆలోచించండి. 2020 ఆగస్టు చివర్లో ఎన్‌సీసీ శిక్షణ కోసం మొబైల్ యాప్ వచ్చింది, పాఠాలు దాని ద్వారా సాగాయి. కానీ పక్కవాడి భుజానికి తన భుజం సరిచూసుకుంటూ, ముప్ఫై మంది అడుగు ఒక్క చప్పుడుగా పడేలా నడవడం ఏ ఫోనూ నేర్పలేదు.

అప్పట్లో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: పెరేడ్ మొదలుపెట్టొచ్చా, వద్దా? నా ఉద్దేశంలో తప్పు అక్కడే జరిగింది. పెరేడ్ అనేది ఒకే పని కాదు. నడక, కేక, వాద్యం ఊదడం, నీళ్లు తాగడం, బట్టలు మార్చుకోవడం, ప్రయాణం, శిబిరంలో పడక అన్నీ కలిస్తే పెరేడ్. వీటిలో ఒక్కోదానికి ఒక్కో ప్రమాదం ఉంది. అన్నిటినీ ఒకే మూటగా కట్టి ఆపేశాం, తెరిచినప్పుడు ఆ మూటనంతా ఒకేసారి విప్పాం. విడదీసి చూసి ఉంటే నడక ఎంతో ముందే మొదలయ్యేది. శిబిరం మాత్రం ఇంకా ఆలస్యంగా మొదలవ్వాల్సింది.

ఉన్నత పాఠశాల మైదానంలో ఒక సాధన ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం. పొద్దున్నే పీఈటీ మాస్టారు సున్నంతో గీతలు వేయిస్తారు. పిల్లలు మూడు వరసల్లో నిలబడతారు. 'సావధాన్', 'విశ్రామ్', 'కదం తాల్', 'తేజ్ చల్' అంటూ కేకలు వినిపిస్తాయి. నిమిషానికి 120 అడుగుల వేగం. కూర్చున్నప్పటి కంటే మూడు నాలుగు రెట్ల గాలి ఊపిరితిత్తుల్లోకి వచ్చి పోతుంది. అరగంటయ్యాక ఈల. అందరూ ఒక్కసారిగా కుళాయి దగ్గరికి పరుగు. ఒకే స్టీలు గ్లాసు పది చేతులు మారుతుంది. డ్రమ్ములు, బూట్లు, బెల్టులు సర్దే గదికి ఒకటే తలుపు, ఉన్న ఒక్క కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది. అందులోకి ఇరవై మంది ఒకేసారి చొరబడి, ఎవరి మాట వాళ్లు గట్టిగా మాట్లాడుకుంటూ పావుగంట గడుపుతారు. ఆ తర్వాత ఒక్కో ఆటోలో పదిమంది చొప్పున ఇళ్లకు. కరోనా వైరస్ వైపు నుంచి చూస్తే, ఈ గంటన్నరలో దానికి అన్నిటికంటే పనికిరాని అరగంట మైదానంలో నడిచిన అరగంటే.

కారణం గాలి. రోగి ఊపిరితో, మాటతో బయటికొచ్చే కణాల్లో పెద్దవి ఒకటి రెండు మీటర్లలోపే నేలకు దిగిపోతాయి. మరీ సన్నవి దిగవు, గాలిలో తేలుతూనే ఉంటాయి. మూసిన గదిలో వెలిగించిన అగరబత్తి పొగను తలుచుకోండి. ఆ గదిలో పొగ చిక్కబడుతూ పోతుంది. అదే అగరబత్తిని మామిడి తోటలో వెలిగిస్తే నాలుగడుగుల అవతల వాసన కూడా తెలియదు. ఆరుబయట వ్యాప్తిపై అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కాలిఫోర్నియా పరిశోధకులు 2020లో ఒకచోట చేర్చి చూశారు. నమోదైన వ్యాప్తిలో ఆరుబయట జరిగింది పదో వంతుకు లోపే అని తేలింది. బయటితో పోలిస్తే నాలుగు గోడల మధ్య అంటుకునే అవకాశం 18 రెట్లకు పైనే. ఆరుబయట అసలు అంటదని దీని అర్థం కాదు. ముఖాముఖి, అడుగు దూరంలో, ఎక్కువసేపు మాట్లాడుకుంటే బయట కూడా అంటుతుంది. అయితే కవాతులో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, అందరూ ఒకే దిక్కుకు చూస్తారు. వరసల మధ్య ఎడం పెంచడానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. దానికి డ్రిల్లులోనే 'ఖులీ లైన్ చల్' అనే ఆదేశం ఉంది.

గొంతు సంగతి వేరు. గొంతు పెరిగేకొద్దీ బయటికొచ్చే కణాలూ పెరుగుతాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక బృందగాన సాధనకు 61 మంది వచ్చారు. రెండున్నర గంటలు ఒక హాల్లో పాడారు. వాళ్లలో ఒకరికి అప్పటికే జలుబులా ఉంది. తర్వాత చూస్తే 53 మందికి జబ్బు సోకింది, కొందరికి పరీక్షలో తేలింది, మిగతావాళ్లకు లక్షణాలను బట్టి లెక్కించారు. ఇద్దరు చనిపోయారు. ఈ సంఘటన తర్వాత బ్యాండు మాస్టర్లందరికీ దిగులు పట్టుకుంది. వాద్యాల నుంచి ఏం బయటికొస్తుందో కొలవడానికి కొలరాడో విశ్వవిద్యాలయంలో షెల్లీ మిల్లర్, మేరీల్యాండ్‌లో యెలేనా స్రెబ్రిచ్ బృందాలు పూనుకున్నాయి. ఊదే వాద్యాల నుంచి సన్న కణాలు వస్తాయనీ, వాద్యం మూతికి గుడ్డ తొడుగు వేస్తే బాగా తగ్గుతాయనీ వాళ్లు చూపించారు. గదిలోనైతే అరగంట వాయించి బయటికొచ్చి, లోపలి గాలి పూర్తిగా మారాక మళ్లీ వెళ్లమన్నారు. మన బడి బ్యాండుకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. మన కవాతు తాళం నడిచేది డ్రమ్ముల మీద. బ్యూగిల్, ఫ్లూటు కొన్నాళ్లు పక్కన పెట్టినా అడుగు తప్పదు. మాస్టారి నోట్లో ఈల బదులు చేతిలో గంట ఉన్నా సరిపోతుంది. జట్టంతా కలిసి నినాదాలివ్వడం మాత్రం చివరి దశకు వాయిదా వేయాల్సిందే.

ఇక ప్రయాణం. ఇక్కడ మనకు పరాయి దేశాల లెక్కలతో పనిలేదు, మన గడ్డ మీది లెక్కలే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది 2020లో ఇల్లిల్లూ తిరిగి రోగుల పరిచయస్తుల జాడ తీశారు. ఆ వివరాలను రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం విశ్లేషించి ఆ ఏడాదే 'సైన్స్' పత్రికలో ప్రచురించింది. 84,965 మంది రోగులు, వారిని కలిసిన 5,75,071 మంది. అప్పటికి ప్రపంచంలో ఇంత పెద్ద జాడతీత ఎక్కడా అచ్చు కాలేదు. అందులో తేలిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. పదిమంది రోగుల్లో ఏడుగురి నుంచి, జాడ తీసినంతలో, ఒక్కరికి కూడా అంటలేదు. కొద్దిమంది నుంచే చాలామందికి పాకింది. మరి ఎక్కడ ఎక్కువగా అంటింది? సమాజంలో కలిసినవారికి అంటిన రేటు 2.6 శాతం, ఇంట్లో 9 శాతం. ఒకే బస్సులోనో రైల్లోనో దగ్గరగా కూర్చుని ఆరు గంటలకు పైగా ప్రయాణించినవారిలో 79 శాతం. ప్రయాణికుల లెక్క చిన్నదే, అది గుర్తుంచుకోవాలి. అయినా ఇంత తేడాను పట్టించుకోకుండా ఉండలేం. పిల్లల నుంచి అంటదనే మాట అప్పట్లో గట్టిగా వినిపించేది. అదే అధ్యయనంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లల మధ్య, ఈడూ జోడూ వాళ్లలో, వ్యాప్తి గట్టిగానే కనిపించింది.

దీన్ని బట్టి ముసునూరు పిల్లలు ముసునూరు మైదానంలో నడవడం ఒక ప్రమాదం. వాళ్లను కిటికీలు బిగించిన బస్సులో ఎక్కించి మరో జిల్లాలో జరిగే శిబిరానికి పంపడం వేరే ప్రమాదం. రెండింటినీ 'ఎన్‌సీసీ కార్యక్రమం' అనే ఒకే పేరుతో అనుమతించడమో ఆపడమో శాస్త్రం ఒప్పుకునే పని కాదు.

శిబిరాల మాట వచ్చింది గనుక రెండు సంఘటనలు పక్కపక్కన చెప్పాలి. రెండూ 2020 వేసవిలో అమెరికాలో జరిగినవే. జార్జియా రాష్ట్రంలో ఒక బాలల శిబిరంలో 597 మంది ఉన్నారు. రాకముందే అందరూ పరీక్ష చేయించుకుని 'నెగెటివ్' కాగితం తెచ్చారు. కానీ పిల్లలకు మాస్కులు తప్పనిసరి చేయలేదు. కిటికీలు తెరవలేదు. రాత్రి ఒకే గదుల్లో పడుకున్నారు, పగలు గొంతెత్తి పాడారు, కేకలేశారు. కొద్ది రోజుల్లోనే శిబిరం మూసేయాల్సి వచ్చింది. ఫలితాలు అందిన 344 మందిలో 260 మందికి కరోనా ఉన్నట్టు తేలింది. మెయిన్ రాష్ట్రంలో నాలుగు శిబిరాల్లో కలిపి 1,022 మంది, 41 రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ బయల్దేరే ముందు ఇళ్లలోనే విడిగా ఉన్నారు. వచ్చాక మళ్లీ పరీక్షలు చేశారు. చిన్న చిన్న జట్లుగా విడగొట్టి, ఒక జట్టును ఇంకో జట్టుతో కలవనివ్వలేదు. ముగ్గురికి వైరస్ ఉన్నట్టు తెలిసింది, వెంటనే వేరు చేశారు. వాళ్ల నుంచి ఇంకెవరికీ అంటలేదు. ఒకటే దేశం, ఒకటే వైరస్, ఒకటే వేసవి. తేడా అంతా నిర్వహణలో ఉంది. జార్జియా వాళ్లు రాకముందు చేయించిన పరీక్ష మీదే భారమంతా వేశారు. ఒంట్లో వైరస్ చేరిన మొదటి రెండు మూడు రోజుల్లో ఆ పరీక్షకు అది దొరక్కపోవచ్చు.

అసలు ఒక జట్టులోకి వైరస్ వచ్చే అవకాశం ఎంత? దీన్ని మన రాష్ట్రపు అంకెలతోనే లెక్కేయొచ్చు. 2020 నవంబరు 2న తొమ్మిది, పదో తరగతులకు బడులు తెరిచారు. మూడు రోజులకు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వార్త: 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు కరోనా. తల్లిదండ్రులు హడలిపోయారు. అప్పటి పాఠశాల విద్య కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు, హాజరైన దాదాపు నాలుగు లక్షల మందిలో ఇది 0.1 శాతం కూడా కాదనీ, బడికి రావడం వల్లే సోకిందనడం సరికాదనీ అన్నారు. ఆ మాట శాస్త్రానికి నిలిచేదే. ఆనాటి వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి సగటున ఐదారు రోజులు పట్టేది. మూడు రోజుల్లో బయటపడ్డవి చాలావరకు ఇళ్లలో, ఊళ్లలో అంతకుముందే అంటినవి. ఆ అంకె బడి తప్పును కాదు, ఊరి స్థితిని చెబుతుంది. కవాతు నిర్ణయానికి మనకు కావలసింది కూడా అదే.

నాలుగు లక్షల్లో 262 అంటే సుమారు 1,500 మందికి ఒకరు. అప్పట్లో తరగతి గదికి 16 మందినే కూర్చోబెట్టారు. అలాంటి జట్టులో కనీసం ఒకరికి వైరస్ ఉండే అవకాశం ఒక శాతం. యాభై మంది కవాతు బృందంలో అది మూడు శాతం దాటుతుంది. చుట్టుపక్కల బడులన్నీ కలిపి 500 మందిని ఒక మైదానంలో చేరిస్తే 28 శాతం. ఊళ్లో రోగుల సంఖ్య మారలేదు, గుంపు పెరిగిందంతే. ఇప్పుడు రెండో అల లాంటి కాలం తీసుకుని నూటికొకరికి వైరస్ ఉందనుకుందాం. యాభై మంది బృందంలో ఒకరైనా ఉండే అవకాశం 40 శాతానికి చేరుతుంది. పదిమంది జట్టులోనూ పది శాతానికి దగ్గరగా వస్తుంది. అందుకే కవాతుకు తేదీ కన్నా ముందు తేల్చాల్సింది జట్టు పరిమాణం. ఊళ్లో జబ్బు తగ్గేకొద్దీ జట్టు పెరగాలి, జబ్బు పెరిగితే జట్టు తగ్గాలి. ఉపాధ్యాయుల అంకెనూ విడిగా చూడాలి. 1.11 లక్షల మందిలో 160 అంటే పిల్లల రేటుకు రెట్టింపు. నాలుగు జట్లకూ ఒకే మాస్టారు నేర్పితే, జట్లు విడదీసిన ప్రయోజనమంతా ఆయన వెంటే కొట్టుకుపోతుంది.

దేశ రాజధానిలో జరిగిన కవాతే ఈ లెక్కను నడిపి చూపింది. 2021 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ చేరిన సైనికుల్లో సుమారు 150 మందికి డిసెంబరులో కరోనా తేలింది. చాలామందికి ఏ లక్షణమూ లేదు, పరీక్ష చేయబట్టి తెలిసింది. వాళ్లను వేరు చేసి కవాతు నడిపించారు. కాకపోతే మామూలుగా 144 మంది ఉండే దళాన్ని 96కు కుదించారు. ఎర్రకోట దాకా సాగే దారిని నేషనల్ స్టేడియం దగ్గరే ఆపేశారు. ప్రేక్షకుల్ని బాగా తగ్గించి, పదిహేనేళ్ల లోపు పిల్లల్ని అసలు రానివ్వలేదు. కుర్రాళ్లు, ఆరోగ్యవంతులు, క్రమశిక్షణ గల సైనికులకే పరీక్షలూ విడి బసలూ అవసరమైనప్పుడు, ఏ పరీక్షా లేని పల్లె బడి అదే పరిమాణంలో కవాతు పెట్టుకోకూడదు. చిన్నగా మాత్రం పెట్టుకోవచ్చు.

ఆ జనవరి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అప్పుడు రాష్ట్రంలో రోజుకు 200కు అటూ ఇటూ కేసులు. పరీక్షల్లో పాజిటివ్ వచ్చేది ఒక శాతంలోపే. పెద్ద తరగతుల పిల్లలు అప్పటికే తరగతి గదుల్లో కూర్చుని చదువుతున్నారు. గదిలో కూర్చోవచ్చన్న పిల్లలు అదే జట్టుగా, అదే ఎడంతో మైదానంలో నడవకూడదనడానికి నాకు కారణం కనిపించదు. ఆ రెండు మూడు నెలలు మంచి అదను. ఏప్రిల్‌కల్లా అది చేజారింది. 20వ తేదీ నుంచి తొమ్మిదో తరగతి వరకు బడులు మూసేశారు. మే మధ్యకు రాష్ట్రంలో రోజువారీ కేసులు 24 వేలు దాటాయి. నూజివీడు ప్రాంతంలో అది మామిడి కోతల కాలం. కూలీలు, లారీలు, బయటి వ్యాపారులు ఊళ్లలోకి వచ్చీపోయే రోజులు. ఏ ఊరి ప్రమాదమైనా ఆ ఊరి పనుల క్యాలెండరుతో కలిపి చూడాలి. అమరావతి నుంచి వచ్చే ఉత్తర్వులో ఆ క్యాలెండరు ఉండదు.

ఇంటి దగ్గర ఎవరున్నారన్నది ఇంకో లెక్క. పిల్లల్లో జబ్బు ముదరడం అరుదే, కానీ వాళ్లు రాత్రికి తాతయ్య, అమ్మమ్మల పక్కనే పడుకుంటారు. అరవై దాటినవారికి టీకా మొదలైంది 2021 మార్చి 1న. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్ పదిహేను నుంచి పదిహేడేళ్లవారికి అందింది 2022 జనవరి 3 నుంచి. పన్నెండు నుంచి పద్నాలుగేళ్లవారికి అదే ఊళ్లో తయారైన కార్బెవ్యాక్స్ ఆ మార్చి 16 నుంచి. 2021 జూన్, జులైలో ఐసీఎంఆర్ చేసిన రక్త పరీక్షల సర్వేలో మన రాష్ట్రంలో 70 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. దేశవ్యాప్తంగా పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 62 శాతానికి దగ్గరగా తేలింది. ఆ ఆగస్టులో బడులు తెరిచేనాటికి సగానికి పైగా పిల్లలకు వైరస్ ఒకసారి తగిలే ఉందన్నమాట. అప్పటికి కాపాడాల్సింది టీకా పడని పెద్దవాళ్లనే. కాబట్టి కవాతు జట్టులో ఒక్కో పిల్ల పేరు పక్కన ఆ ఇంటి పెద్దలకు రెండు డోసులూ పడ్డాయా అన్న వివరం రాసుకుంటే, ఎవరిని ముందు పిలవాలో, ఎవరిని కొన్నాళ్లు ఆగమనాలో తెలిసేది.

పిల్లల ఒంటి సంగతి దాదాపు ఎవరూ మాట్లాడలేదు. ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్న పిల్లవాడిని ఎండలో గంటసేపు నిలబెడితే కళ్లు తిరిగి పడిపోతాడు. అది కరోనా కాదు, ఒంటికి వేడి అలవాటు తప్పడం. చెమట పట్టే తీరు, రక్తప్రసరణ వేడికి మళ్లీ సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు ఇరవై నిమిషాలతో మొదలెట్టి, పొద్దుటి చల్లదనంలోనే ముగించాలి. చెమటకు తడిసిన మాస్కుతో ఊపిరి కష్టమవుతుంది. శ్రమ చేసేటప్పుడు మాస్కు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. నడిచేటప్పుడు ఎడం, ఆగినప్పుడు మాస్కు అన్నది సరైన పద్ధతి. కరోనా వచ్చి తగ్గిన పిల్లలను ఇంకా మెల్లగా తీసుకురావాలి. వైరస్ అరుదుగా గుండె కండరానికి వాపు తెస్తుంది, ఆ వాపు ఉండగా శ్రమ చేస్తే గుండె లయ తప్పొచ్చు. పది రోజుల విశ్రాంతి, అందులో చివరి వారం ఏ లక్షణమూ లేకుండా గడిచాక నెమ్మదిగా మొదలెట్టాలని వైద్యులు సూచించారు. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, గుండెదడ, స్పృహ తప్పడం ఏది కనిపించినా ఆ రోజుకు ఇంటికి పంపి ఊరుకోకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి.

మళ్లీ ఇలాంటి మహమ్మారి వస్తే బడి చేయగలిగిన పని ఒకటుంది. మొదటి దశలో ఎనిమిది, పదిమంది జట్లు, నడుచుకునో సైకిల్ మీదో రాగలిగిన పిల్లలే, ఎవరి సీసా వాళ్లదే, సామాన్ల గదిలోకి ఇద్దరికి మించి వెళ్లకూడదు. రెండు వారాలు చూడాలి. వైరస్ ఒంట్లో చేరి బయటపడే గడువు ఎక్కువలో ఎక్కువ అంతే. ఏమీ లేకపోతే రెండేసి జట్లు కలపాలి. అలా పెంచుకుంటూ పోయి, వేరే బడులతో కలిసి నడవడం, బస్సు ఎక్కడం ఆ తర్వాత, రాత్రి బస అన్నిటికంటే చివర. ఎక్కడ ఆపాలో మొదలెట్టక ముందే కాగితం మీద రాసుకోవాలి. అందరూ ఉత్సాహంగా ఉన్న రోజున, ముఖ్య అతిథి వస్తున్నాడన్న హడావుడిలో, ఆపే నిర్ణయం ఎవరూ తీసుకోలేరు. నేనైతే ఇలా రాసుకుంటాను: ఒకే జట్టులో రెండు వారాల్లో ఇద్దరికి జబ్బు వస్తే ఆ జట్టు పద్నాలుగు రోజులు ఇంట్లో. రెండు జట్లలో అలా జరిగితే మైదానానికే సెలవు.

ఇందుకు కావలసిన సమాచారం ఊళ్లోనే ఉంది. పరీక్షల్లో పాజిటివ్ శాతం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతుంది. అది ఐదు శాతం దాటకపోవడం బడులు తెరవడానికి 2022లో కేంద్రం చూపిన గీటురాయి. ఏ వీధిలో జ్వరాలున్నాయో గ్రామ సచివాలయంలోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు తెలుసు. వీటన్నిటికంటే ముందు మాట్లాడేది హాజరు పట్టీ. పరీక్ష ఫలితం రావడానికి రోజులు పట్టినా, జ్వరం వచ్చిన పిల్ల ఆ పొద్దున బడికి రాదు. సోమవారం సాధనకు ముందు పీఈటీ మాస్టారు ఆ పట్టీ తెరిచి, గైర్హాజరు గత వారం కన్నా రెట్టింపైందా అని చూస్తే చాలు. రెట్టింపైతే ఆ వారం జట్లను కలపకూడదు, ఏ జట్టుకు ఆ జట్టును వేరు వేరు గంటల్లో నడిపించి, రాని పిల్లల ఇళ్లకు ఏఎన్ఎంను పంపమని ఫోన్ చేయాలి.